దారిలేని కొండ సరస్సు ఒడ్డున పడవతో మకాం ఎలా వేయాలి

చుట్టూ కొండలు, మధ్యలో నీళ్లు. అవతలి ఒడ్డుకు రోడ్డు లేదు, కాలిబాట కూడా లేదు. పడవలో వెళ్లాలి, పడవలోనే తిరిగి రావాలి. అక్కడ కుళాయి, మరుగుదొడ్డి, కరెంటు ఏవీ ఉండవు. ఫోనుకు సిగ్నల్ అందదు. గుడారం పట్టేంత చదును నేల, ఎవరో ఎప్పుడో రాళ్లు పేర్చిన పొయ్యి గుంట ఉంటే అదే భాగ్యం. ఇలాంటి మకాం గురించి నన్ను అడిగేవాళ్లలో చాలామంది మొదట ఏ గుడారం కొనాలని అడుగుతారు. నేను మాత్రం గాలితో మొదలుపెడతాను. కొండ సరస్సు మీద ఎన్ని గంటలకు బయల్దేరాలి, ఎక్కడ దిగాలి, ఏ రోజు ఇంటికి చేరాలి అన్నవి గాలి చెప్పినట్టే జరుగుతాయి. మిగతా ఏర్పాట్లన్నీ దాన్ని బట్టి చేసుకోవాల్సినవే.

ముందు గాలి లెక్క తెలుసుకోండి

కొండల మధ్య గాలికి ఒక దినచర్య ఉంది. ఎండ ఎక్కేకొద్దీ కొండవాలులు వేడెక్కుతాయి. వాటిని ఆనుకున్న గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ చోటు నింపడానికి లోయ దిగువ నుంచి గాలి ఎగబాకుతుంది. పొద్దు వాలాక ఇదంతా తిరగబడుతుంది. చల్లబడి బరువెక్కిన గాలి వాలు వెంట నీటి మీదికి జారుతుంది. ఈ రెండింటి మధ్యా సందు దొరికేది తెల్లవారుజామున. అప్పటి నుంచి తొమ్మిది, పది గంటల దాకా నీళ్లు సాధారణంగా అద్దంలా ఉంటాయి. మధ్యాహ్నం తర్వాత అదే సరస్సును చూస్తే ఉదయం చూసింది ఇదేనా అనిపిస్తుంది. అమెరికాలోని యెల్లోస్టోన్ సరస్సు సముద్రమట్టానికి 2,357 మీటర్ల ఎత్తున ఉంది. మధ్యాహ్నపు నైరుతి గాలికి అక్కడ ఐదారు అడుగుల అలలు కూడా లేస్తాయి. సామాను నింపిన చిన్న పడవకు అంత అల అవసరం లేదు, అందులో మూడో వంతు చాలు.

గాలి వేగం రెట్టింపైతే అది పడవను తోసే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. అల ఎత్తు గాలి వేగం మీదే కాదు, ఆ గాలి నీటి మీద అడ్డులేకుండా ఎంత దూరం పరుగెత్తిందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. లోయ పొడవునా సాగిన సన్నటి సరస్సులో ఆ పరుగుకు అడ్డేమీ ఉండదు. అందుకే మ్యాపులో చూడటానికి ఇరుకుగా, అమాయకంగా కనిపించే సరస్సులే ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

పరికరమేదీ లేకుండా గాలిని కొలవడానికి నీటినే చూడండి. అక్కడొకటి అక్కడొకటి తెల్లని నురగ తల కనిపిస్తే గాలి గంటకు 12 కిలోమీటర్లు దాటినట్టు. ఎటు చూసినా నురగే ఉంటే 20 దాటినట్టు. మొదటిది కనబడగానే ఒడ్డు దగ్గరికి జరగండి. రెండోది కనబడితే నీళ్లలో ఉండకూడదు.

దీన్ని ప్రయాణ ప్రణాళికలోకి తీసుకురావాలంటే చిన్న లెక్క చేసుకోండి. సామానుతో ఉన్న కెనూ లేదా కాయక్‌ను, అంటే తెడ్డు వేసి నడిపే సన్నటి పడవను, మామూలు మనిషి ప్రశాంతమైన నీటిలో గంటకు నాలుగు కిలోమీటర్లు నడపగలడు. మీరు మూడే అనుకోండి. పన్నెండు కిలోమీటర్లు వెళ్లాలంటే నాలుగు గంటలు. ఐదున్నరకు తెడ్డు నీటిలో పెడితే తొమ్మిదిన్నరకు దిగుతారు. అంతకంటే దూరమైతే రెండు రోజులకు పంచండి. అన్నిటికన్నా ముఖ్యం, యాత్రకు ఒక రోజు అదనంగా కలపండి. గాలి ఆగక తీరం దగ్గరే కూర్చోవాల్సిన రోజు అది. దానికి సరిపడా తిండి, మందులు కూడా ఉండాలి. మర్నాడు పొద్దున ఎలాగైనా ఆఫీసులో ఉండాలనుకునే మనిషి ఎదురుగాలిలోకి పడవ దింపుతాడు. ఈ ప్రయాణాల్లో అతనికి మించిన ప్రమాదకరమైన తోటి ప్రయాణికుడు లేడు.

మ్యాపు ముందు ఒక సాయంత్రం

ఎత్తుగీతలున్న మ్యాపు తీసుకోండి. ఒడ్డున గీతలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే అది నిట్టనిలువు బండ, అక్కడ దిగలేరు. గీతలు విడివిడిగా ఉన్నచోట, కొండవాగులు సరస్సులో కలిసేచోట చదును నేల ఉంటుంది. మీరు వెళ్లే ఒడ్డు వెంట ఇలా దిగడానికి వీలైన ప్రతి చోటునూ గుర్తు పెట్టుకోండి. వరసగా మూడు నాలుగు కిలోమీటర్లు ఒక్క రేవు కూడా లేకపోతే ఆ ముక్కను పొద్దున తొలి వెలుతురులోనే దాటేలా చూసుకోండి. మ్యాపు కాగితం మీద ఉండాలి, నీళ్లు తగలని సంచిలో మడిచి, పడవలో కళ్లెదురుగా కట్టి ఉండాలి. ఫోనులోని మ్యాపు మంచిదే కానీ చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, తడిసిన వేలు తెర మీద పనిచేయదు.

చాలా సరస్సుల దగ్గర మకాంకు ముందస్తు అనుమతి కావాలి. గుర్తించిన స్థలాల్లోనే గుడారం వేయాలన్న నియమం ఉండొచ్చు, నెగడు వేయడంపై నిషేధం ఉండొచ్చు. ఈ సంగతులు బయల్దేరే వారం మళ్లీ ఒకసారి కనుక్కోండి, ఎండలు ముదిరితే నిప్పు నియమాలు రాత్రికి రాత్రి మారతాయి. అది ఆనకట్ట వెనుక ఏర్పడిన సరస్సైతే నీటిమట్టం కూడా అడగండి. వాషింగ్టన్ రాష్ట్రంలోని రాస్ సరస్సు అలాంటిదే. జలవిద్యుత్ ఆనకట్ట వెనుక నీళ్లు, ఒడ్డు పొడవునా పడవలో మాత్రమే చేరగలిగే మకాం స్థలాలు. చలికాలంలో నీళ్లు దించేసి ఎండాకాలానికి మళ్లీ నింపుతారు. నీరు దిగిన కాలంలో వెళ్తే ఇలాంటి చోట మ్యాపులో ఉన్న రేవుకూ అసలు నీటికీ మధ్య బురద, మొద్దులు నిండిన పెద్ద వాలు మిగులుతుంది.

ఇంట్లో ఒకరికి కాగితం రాసి ఇవ్వండి. ఎక్కడ దిగుతున్నారు, ఏ రాత్రి ఎక్కడ, పడవ రంగు, ఎంతమంది, ఎప్పుడు తిరిగొస్తారు, ఎప్పటిదాకా రాకపోతే ఎవరికి ఫోను చేయాలి. ఆఖరిది రాసేటప్పుడు ఆ అదనపు రోజును కలిపి రాయండి. ఆదివారం రాత్రి రాకపోతే కంగారు వద్దు, సోమవారం చీకటిపడే వేళకూ రాకపోతే సహాయ దళానికి చెప్పాలి అని స్పష్టంగా ఉండాలి. లేకపోతే మీరు ఒడ్డున తీరిగ్గా కాళ్లు చాపుకుని గాలి తగ్గాలని చూస్తుంటే, ఇక్కడ మీకోసం హెలికాప్టరు లేస్తుంది. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న పరికరం ఉంటే తప్పక తీసుకెళ్లండి.

చన్నీళ్లకు తగిన దుస్తులు

కొండ సరస్సు నీళ్లు ఎండాకాలంలో కూడా చల్లగానే ఉంటాయి. చాలాచోట్ల అది కరిగిన మంచు. పైగా మంచినీరు అన్నిటికన్నా బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర కాబట్టి ఆ చలినీరు అడుగున పేరుకుంటుంది. ఎండకు వెచ్చబడే పైపొర పలచన. ఒడ్డున మోకాలి లోతులో నిలబడి ‘బాగానే ఉన్నాయే’ అనుకోకండి. గట్టి గాలి ఒక పూట వీస్తే ఆ పైపొర అవతలి ఒడ్డుకు కొట్టుకుపోయి, అడుగు నీళ్లు పైకి వస్తాయి.

కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో చలి ప్రభావం మీద పరిశోధనలు చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఈ విషయాన్ని 1-10-1 అన్న అంకెలతో గుర్తుపెట్టుకోమన్నారు. చన్నీళ్లలో పడగానే శ్వాస మన అధీనంలో ఉండదు, ఎగశ్వాస ముంచుకొస్తుంది. దాన్ని అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం. చేతులూ కాళ్లూ చెప్పినట్టు వినేది సుమారు పది నిమిషాలు. శరీర ఉష్ణోగ్రత పడిపోయి స్పృహ తప్పడానికి దాదాపు ఒక గంట. చలికి గడ్డకట్టి చనిపోతామని అందరూ భయపడతారు. నిజానికి అంతదాకా రాకముందే, ఆ మొదటి నిమిషంలో నోట్లోకి నీళ్లు పోయి మునిగిపోయే ప్రమాదం ఉంది. మొదటి నిమిషంలో తల నీటి పైన నిలిపేది లైఫ్ జాకెట్ ఒక్కటే. అది ఒంటి మీద ఉండి, పట్టీలన్నీ బిగించి ఉంటేనే. పడవలో పక్కన పెట్టుకున్న లైఫ్ జాకెట్ కూడా సామాను కిందే లెక్క. నీళ్లలో పడ్డాక దాన్ని వెతికి తొడుక్కోవడం ఎలా ఉంటుందో తెలియాలంటే వేసవిలో మెడలోతు చెరువులో ఒకసారి ప్రయత్నించి చూడండి.

దుస్తులు గాలిని బట్టి కాదు, నీటిని బట్టి వేసుకోండి. పైన ఎండ కాస్తున్నా సరే. నీరు ఒంట్లోని వేడిని గాలికంటే ఇరవై అయిదు రెట్లు వేగంగా లాగేస్తుంది. నూలు బట్ట తడిస్తే ఆరదు, ఒంటికి అంటుకుని చలిని పెంచుతుంది. ఉన్ని లేదా పాలియెస్టరు వేసుకోండి. నీళ్లు మరీ చల్లనైతే వెట్‌సూటు (తడిసినా ఒంటి వేడిని నిలిపే దుస్తులు) కానీ డ్రైసూటు (నీళ్లను లోపలికి రానివ్వని దుస్తులు) కానీ కావాలి.

మరో అలవాటు చేసుకోండి. లైటరు, ఈల, చిన్న కత్తి, సందేశ పరికరం లైఫ్ జాకెట్ జేబుల్లోనే ఉండాలి. పడవ బోల్తాపడి చేయి జారిపోతే, ఒడ్డుకు చేరినప్పుడు మీ ఆస్తి ఆ జేబుల్లో ఉన్నదే. ఈల మూడుసార్లు ఊదితే ఆపదలో ఉన్నట్టు అర్థం.

సామాను, పడవ

గుడారం, స్లీపింగ్ బ్యాగు, కింద వేసుకునే చాప, పొయ్యి, గిన్నె, నీళ్ల ఫిల్టరు, తలకు కట్టుకునే టార్చి, ప్రథమ చికిత్స పెట్టె. ఈ జాబితా అందరికీ తెలిసిందే, దాని మీద కాలక్షేపం చేయను. ఒక్క మాట, ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత ఇంచుమించు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కింద ఊళ్లో రాత్రి 18 డిగ్రీలుంటే రెండు వేల మీటర్లు పైనున్న సరస్సు ఒడ్డున 5 డిగ్రీలు అనుకుని స్లీపింగ్ బ్యాగు ఎంచుకోండి. పడవవాళ్ల జాబితాలో మాత్రమే ఉండేవి మరికొన్ని: అదనపు తెడ్డు, నీళ్లు తోడే డబ్బా, పదిహేను మీటర్ల తాళ్లు రెండు, పడవ పగిలితే అతికించడానికి గట్టి టేపు.

ప్రతి వస్తువూ నీళ్లు చొరబడని డ్రై బ్యాగులో వెళ్లాలి. సంచి మూతిని కనీసం మూడు మడతలు చుట్టి, చుట్టేటప్పుడు మోకాలితో నొక్కి గాలి తీసేయండి. ఇంట్లోనే ఒకసారి స్నానాల తొట్టిలో ముంచి చూడండి. స్లీపింగ్ బ్యాగునూ, పొడి బట్టల జతనూ రెండు సంచుల్లో పెట్టండి, ఒకదానిలో ఒకటి. ఆ రెండూ పొడిగా ఉంటే మిగతాదంతా తడిసినా రాత్రి గడుస్తుంది.

మన పడవలవాళ్ల భాషలో పడవ ముందు భాగం అణియం, వెనుక భాగం అమరం. బరువైన సంచులు మధ్యలో, అడుగున, సరిగ్గా నడుమ గీత మీద ఉండాలి. అణియంలోనూ అమరంలోనూ తేలికైనవి పెట్టండి. అమరం ఒక వేలు మందం కిందికి ఉంటే పడవ సూటిగా నడుస్తుంది. ఎదురుగాలి వచ్చినప్పుడు మాత్రం ఒక సంచిని ముందుకు జరపండి, లేకపోతే తేలికైన అణియాన్ని గాలి పట్టి తిప్పేస్తుంది. పడవను ఒడ్డున నింపి నీటిలోకి ఈడ్చకండి, అడుగు గీసుకుపోతుంది. చీలమండ లోతు నీటిలో తేలుతుండగా నింపండి. అందరూ ఎక్కాక పడవ అంచుకూ నీటికీ మధ్య కనీసం ఒక జానెడు, అంటే పదిహేను ఇరవై సెంటీమీటర్లు, మిగలాలి. మిగలకపోతే ఏదో ఒకటి వెనక్కి పోవాల్సిందే. సాధారణంగా అది కుర్చీ.

మోటారు పడవైతే ఇంధనంలో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది అత్యవసరానికి. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి ఇంజను శక్తి ప్రతి 300 మీటర్లకూ ఇంచుమించు మూడు శాతం తగ్గుతుంది. తెడ్లు అప్పుడూ ఉండాల్సిందే.

నీటి మీద

ఒడ్డును ఆనుకుని వెళ్లండి. నడిమధ్యలోంచి సూటిగా వెళ్తే రెండు కిలోమీటర్లు కలిసొస్తాయన్నది నిజమే. కానీ ఈదగల దూరంలో ఒడ్డు ఉండటం ఆ రెండు కిలోమీటర్లకన్నా విలువైనది. సరస్సును అడ్డంగా దాటక తప్పకపోతే ఇరుకైన చోట, ఉదయాన్నే, ముందు చుట్టూ కలియజూసి దాటండి. మధ్యలో అలలు లేస్తే మోకాళ్ల మీదికి దిగండి, బరువు కిందికి చేరి పడవ నిలకడగా ఉంటుంది. అలకు పక్క చూపించకండి. అణియాన్ని అలకు కొంచెం ఏటవాలుగా పెట్టి ఎక్కించండి. తెడ్డు వేయడం ఆపకండి, నీటిలో ఉన్న తెడ్డు మూడో కాలు లాంటిది.

బోల్తాపడితే పడవను వదలకండి. మునిగిన పడవ కూడా తేలుతుంది, వెతికేవాళ్లకు దూరం నుంచి కనబడేది కూడా అదే. ఒడ్డు పక్కనే ఉందనిపించినా, చన్నీళ్లలో కళ్లకు కనిపించే దూరం ఒకటి, చేతులు ఈదగలిగే దూరం మరొకటి.

మెరుపు కనిపించాక ఉరుము వినబడే దాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్ఫై లోపే ఉరిమితే వెంటనే ఒడ్డుకు చేరండి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట గడిచేదాకా మళ్లీ నీటి జోలికి వెళ్లొద్దు. కొండల్లో మబ్బు ఎక్కువగా శిఖరం అవతలి నుంచి వస్తుంది, అంటే అది కనబడేసరికే దగ్గరికొచ్చేసి ఉంటుంది.

దిగడం, కట్టడం

మకాం స్థలం మధ్యాహ్నానికల్లా తేల్చుకోండి. నీటి అంచున ఉన్న ఇసుక తిన్నె చూడముచ్చటగా ఉంటుంది, కానీ చల్లగాలి రాత్రి వచ్చి కూర్చునేది ఆ పల్లంలోనే. తెల్లారేసరికి గుడారం లోపల మంచు బొట్లు రాలుతుంటాయి. నీటికి కనీసం అరవై మీటర్లు ఎడంగా, కాస్త మెట్టగా ఉన్న చోటు చూడండి. వాగు నోటి దగ్గర చదునుగా ఉంటుంది నిజమే, కానీ మంచు కరిగే రోజుల్లో ఆ వాగు సాయంత్రానికి ఉబ్బుతుంది, పైన ఎక్కడో వాన పడితే రాత్రికి పొంగుతుంది. తల పైకెత్తి చూడటం మరిచిపోకండి. ఎండిన చెట్టు, వేలాడే విరిగిన కొమ్మ ఉంటే గాలి రాత్రి అవి గుడారం మీద పడతాయి.

ఇప్పుడు పడవ. ఈ ప్రయాణం మొత్తంలో మరీ శ్రద్ధగా చేయాల్సిన పని ఇదే, అందరూ అలసిపోయి తేలిగ్గా తీసుకునేదీ ఇదే. మొదటిసారి నేను పడవను సగం దాకా ఇసుకలోకి లాగి, అణియం తాడును ఒక పెద్ద రాయి కింద పెట్టి నిద్రపోయాను. రాత్రి గాలి తిరిగింది. అలలు అమరాన్ని ఒక్కొక్కసారీ కొంచెం కొంచెం ఎత్తాయి. తెల్లారి లేచి చూస్తే రాయి పెట్టిన చోటే ఉంది. పడవ మాత్రం మూడు వందల మీటర్ల దూరంలో, నీళ్ల మధ్య, నెమ్మదిగా తనచుట్టూ తాను తిరుగుతోంది. చొక్కా విప్పి నీటిలోకి రెండడుగులు వేశాను. మోకాలి దాకా రాకముందే ఎముకలు గుంజాయి, వెనక్కి వచ్చేశాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే. మధ్యాహ్నం గాలి పడవను తోసుకుపోయి రెండు కిలోమీటర్ల అవతల బండల సందులో ఇరికించింది. ఒడ్డు వెంట బండలు ఎక్కి దిగుతూ వెళ్లి దాన్ని తెచ్చుకోవడానికి మూడు గంటలు పట్టింది.

కాబట్టి ఇలా చేయండి. పడవను పూర్తిగా ఖాళీ చేయండి. అల తడిపిన గీతను చూసి, దానికి పై నుంచి ఇంకో పడవ పొడవంత దూరం మోసుకెళ్లి బోర్లించండి. బోర్లిస్తే వాన నీళ్లు నిండవు, గాలి లేపడానికి పట్టు దొరకదు. తర్వాత అణియానికీ అమరానికీ విడివిడిగా తాళ్లు కట్టి, రెండు వేర్వేరు చెట్లకు కట్టండి. ముడి బౌలైన్ వేయండి. అది బిగుసుకుపోదు, తడిసినా విప్పవచ్చు. తాడును చెట్టు చుట్టూ తిప్పి కొసను చేతిలో ఉంచుకోండి. పడవ వైపు వెళ్లే అసలు తాడులో చిన్న కన్ను, అంటే మెలిక, తిప్పండి. కొసను ఆ కన్నులోకి కింది నుంచి పైకి తీయండి. అసలు తాడు వెనక నుంచి చుట్టి తెచ్చి, మళ్లీ అదే కన్నులోకి పై నుంచి దించండి. కొసనూ చెట్టు చుట్టూ తిరిగి వచ్చిన పాయనూ కలిపి పట్టుకుని అసలు తాడు లాగితే ముడి కూర్చుంటుంది. కొస ఒక జానెడు మిగలాలి. ఇంటి దగ్గర కుర్చీ కాలికి ఇరవైసార్లు వేయండి, కళ్లు మూసుకుని కూడా. అవసరపడేది ఎక్కువగా చీకట్లోనే. తెడ్లు, లైఫ్ జాకెట్లు పడవ కింద దాచండి. కొన్ని చిన్న జంతువులు చెమట ఉప్పు కోసం తెడ్డు పిడులను కొరుకుతాయి.

నీళ్లు, వంట, నెగడు

అద్దంలాంటి నీళ్లైనా అలాగే తాగొద్దు. పైన ఎక్కడో జంతువులు తిరుగుతాయి, జియార్డియా అనే పరాన్నజీవి కంటికి కనబడదు. 0.2 మైక్రాన్ల రంధ్రాలున్న ఫిల్టరు దాన్నీ, బ్యాక్టీరియానూ ఆపుతుంది. వైరస్‌లను ఆపదు. మరిగించడం అన్నిటికీ మందు. నీరు తెర్లుతున్నాక ఒక నిమిషం, రెండు వేల మీటర్లు దాటిన ఎత్తులో మూడు నిమిషాలు మరగనివ్వండి. సన్నటి గొట్టాలుండే ఫిల్టరు ఒకసారి తడితో గడ్డకడితే లోపల చీలుతుంది, బయటికి ఏమీ తెలియదు. చలి రాత్రుల్లో దాన్ని సంచిలో చుట్టి మీతోపాటే స్లీపింగ్ బ్యాగులో పడుకోబెట్టుకోండి.

ఎత్తు పెరిగేకొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది, ప్రతి 300 మీటర్లకు ఇంచుమించు ఒక డిగ్రీ చొప్పున. మూడు వేల మీటర్ల మీద అది 90 డిగ్రీలే. పప్పులూ గింజలూ ఎంతసేపు ఉంచినా రాళ్లలాగే ఉంటాయి, ఇంధనం మాత్రం అయిపోతుంది. ముందే వండి ఎండబెట్టినవీ, వేడినీళ్లు పోస్తే మెత్తబడేవీ పట్టుకెళ్లండి.

నెగడు వేయడానికి అనుమతి ఉంటే పాత పొయ్యి గుంటలోనే వేయండి. మణికట్టు కంటే లావైన కట్టె వద్దు, అది కాలి బూడిద కావడానికి రాత్రంతా పడుతుంది. సరస్సు అడుగు నుంచి తీసిన తడి రాళ్లను చుట్టూ పేర్చకండి. లోపలి నీరు ఆవిరై అవి టపాకాయల్లా పగులుతాయి. ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, పుల్లతో కలిపి, మళ్లీ పోసి, ఆఖరున అరచేతి వెనకభాగం బూడిద మీద పెట్టి చూడండి. సెగ తగిలితే ఇంకా ఆరలేదు. వాన కురిసి పుల్లలన్నీ తడిసిన రోజున గ్యాసు పొయ్యి విలువ తెలుస్తుంది. అందుకే నెగడు మీదే వంట చేస్తానని వెళ్లకండి.

తిండి వాసన గుడారంలోకి రానివ్వొద్దు. ఎలుగుబంట్లు తిరిగే చోట వంట, నిల్వ రెండూ గుడారానికి తొంభై మీటర్ల దూరంలో ఉండాలి, ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలో పెట్టడం మేలు. డబ్బా లేకపోతే సంచిని నేలకు నాలుగు మీటర్ల ఎత్తున, చెట్టు మానుకు రెండు మీటర్లు ఎడంగా వేలాడదీయండి. పళ్ల పేస్టూ సబ్బూ కూడా అందులోకే వెళ్తాయి. వాటిని మనం తినం కానీ, జంతువుకు ఆ తేడా తెలియదు. తిండి పడవలో మాత్రం ఉంచకండి. ఆకలిగొన్న ఎలుగు పడవను చీల్చేస్తే మీరు ఇంటికి వెళ్లే దారే పోయినట్టు.

మలవిసర్జనకు నీటికీ గుడారానికీ అరవై మీటర్లు దూరంగా, పదిహేను ఇరవై సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి పూడ్చండి. కాగితాన్ని సంచిలో వెనక్కి తీసుకురండి. మరీ రాతి నేలైతే అన్నిటినీ సంచిలోనే తీసుకురావాలి, కొన్ని సరస్సుల దగ్గర అది నిబంధన కూడా. గిన్నెలు సరస్సులో కడగకండి. బకెట్లో నీళ్లు ముంచుకుని దూరంగా కడిగి, ఆ నీటిని నేల మీద వెదజల్లండి.

గాలి ఆగని రోజు, తిరుగు ప్రయాణం

రాత్రి పడుకునేముందు పొద్దున అవసరమయ్యేవన్నీ ఒక్క సంచిలోకి చేర్చండి. నాలుగున్నరకు లేచి, టార్చి వెలుగులో గుడారం మడిచి, వెలుతురు రాగానే బయల్దేరాలి. లేచి వినండి. ఒడ్డున నీళ్లు ఒకే లయతో చప్పుడు చేస్తుంటే గాలి అప్పుడే మొదలైనట్టు. కొమ్మలు కదలకుండా, అవతలి ఒడ్డు నీడ నీటిలో తలకిందులుగా నిలిచి ఉంటే దేనికీ ఆగకండి, కాఫీకి కూడా. తాగేది తొలి రేవులో తాగవచ్చు.

గాలి ఆగకపోతే దిగకండి. మళ్లీ పడుకోండి, చినిగినవి కుట్టుకోండి, తాళ్లు సరిచూడండి. ఒక రోజు కదల్లేకపోయామని ఎవరూ చనిపోలేదు. సాయంత్రం పొద్దు గూకే వేళ ఒకసారి గాలి సద్దుమణుగుతుంది, అప్పుడు తొందరపడి చీకట్లోకి పోవద్దు. దగ్గర రేవు ఒక గంటలోపు దూరంలో ఉంటే తప్ప తెల్లవారే దాకా ఆగండి.

వెళ్లే ముందు పొయ్యి గుంటలోని చెత్త ఏరి తెచ్చుకోండి, మీది కాకపోయినా సరే. బయటి రేవు చేరాక ఇంకో పని మిగిలి ఉంటుంది. జీబ్రా మసెల్ లాంటి పరాయి గుల్లచేపలు ఒక సరస్సు నుంచి మరోదానికి పడవలతోనే పాకుతాయి, వాటి పిల్లలు కంటికి కనబడవు. పడవకు అంటుకున్న నాచూ మట్టీ రుద్ది తీసేయండి. అడుగున నిలిచిన నీళ్లు, మోటారులో నిలిచిన నీళ్లు అక్కడే పూర్తిగా వంపండి. ఇంటికొచ్చాక పడవనూ తాళ్లనూ లైఫ్ జాకెట్లనూ ఎండలో పరచండి. తాళ్ల చుట్టలు విప్పి పరచాలి, చుట్టగా వదిలేస్తే లోపలి తడి వారమైనా ఆరదు. ఇంకో సరస్సులో పెట్టేలోపు అన్నీ ఎముకలా ఎండి ఉండాలి.